పాత యంత్రము - క్రొత్త కొలువు

కాలము చెల్లినదానిని "పాత చింతకాయ పచ్చడి" యని ఈసడించుట మనకు వాడుక. కాని జ్వరము తగ్గి పథ్యము పెట్టునాడు ఇల్లాలు వెదకునది ఆ పచ్చడినే. మూలబడిన ల్యాప్‌టాపు సంగతియు నిట్టిదే.

2025 అక్టోబరు 14తో విండోస్ 10 కు మైక్రోసాఫ్టు సంస్థ సాధారణ సంరక్షణను నిలిపివేసినది. విండోస్ 11 నియమములకు తూగని యంత్రము లెన్నియో, చెక్కుచెదరకున్నను, అటక యెక్కినవి. శక్తి యుడుగక మునుపే వానికి గడువు తీరినదన్నమాట. ఐక్యరాజ్యసమితి నివేదిక ననుసరించి 2022లో ప్రపంచమున పోగుపడిన ఎలక్ట్రానిక్ వ్యర్థములు 6.2 కోట్ల టన్నులు. అందు సక్రమముగా సేకరింపబడినట్లు లెక్కకు వచ్చినది 22.3 శాతము మాత్రమే.

ఇట్టి యంత్రములకు మరల ప్రాణము పోయునది లినక్సు. 1991లో హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ దీనిని లోకమునకు వెల్లడించెను. ఎవరైనను దీనిని గైకొనవచ్చును, మార్చవచ్చును, పరులకు పంచవచ్చును. 1993లో మొదలైన డెబియన్ అను లినక్సు రూపమును, చిత్రవిచిత్రమైన తెరల హంగులు లేకుండ నెలకొల్పినచో, 64 బిట్ల పాత ల్యాప్‌టాపున రెండు గిగాబైట్ల ర్యామున్నను పని సాగును.

సర్వరనగా సేవకుడు. అడిగినవారికి అడిగిన పుస్తక మందించు గ్రంథపాలకుని వలె నిది పనిచేయును. 2003లో ఆరంభమైన తెలుగు వికీపీడియా ప్రతిని కివిక్స్ అను ఉచిత సాధనముతో ఒకమారు తెచ్చి యుంచినచో, పిదప ఇంటర్నెట్టు లేకున్నను, పాఠశాలలోని వై-ఫై ద్వారా పిల్లలు చదువుకొనగలరు. ఉపాధ్యాయుల పాఠములు, పిల్లల లిఖితపత్రికలు, ఊరి పెద్దలు చెప్పిన కథల ధ్వనిముద్రణలు - ఇవియు నందే భద్రపడును. బ్యాటరీ బాగున్నచో, కరెంటు పోయినను కొంతసేపు సేవ యాగదు.

కొన్ని జాగ్రత్తలు తప్పవు. లినక్సు నెక్కించునపుడు డిస్కులోని పాత విషయములు చెరిగిపోవును గనుక ముందే వేరుచోట దాచవలెను. ఉబ్బిన బ్యాటరీని ఎరిగినవారిచే తొలగింపజేయవలెను. మూత మూయగనే నిద్రించు గుణమును మాన్పవలెను. ముఖ్యమైన వానికి మరియొక ప్రతి వేరొకచోట నుండవలెను. తగిన కాపుదల నెరుగక బయటి ఇంటర్నెట్టునకు తలుపు తెరువరాదు.

ఇంతవరకు మన పిల్లలు యంత్రములను వాడుట మాత్రమే నేర్చినారు. సర్వరును నిలిపిన విద్యార్థికి దాని వెనుకనున్న పని యెల్ల తెలియును. తన బడి విజ్ఞానమును తానే కాపాడుకొనుచున్నానను బాధ్యతయు కలుగును. ఉపాధ్యాయులారా, అటకపైని యంత్రమును దించి, దుమ్ము తుడిచి, పై తరగతుల పిల్లల కప్పగించుడు. ప్రక్కన కూర్చుండి మీరును నేర్చుకొనుడు.