కొండ చాటున పాఠము

నంద్యాల జిల్లా ఆళ్ళగడ్డ మండలమున, నల్లమల కొండలలో అహోబిలము కలదు. దిగువ అహోబిలము మైదానపు అంచున నున్నది. అచటినుండి ఎగువ అహోబిలము సుమారు 8 కిలోమీటర్లు. అచట భవనాశి వాగునకు ఇరుప్రక్కల కొండలే. యాత్రికులకు ఇది కన్నుల పండుగ. సెల్‌ఫోనులో పాఠము వినగోరు విద్యార్థికి మాత్రము ఈ కొండలే అడ్డుగోడలు. కొండకు ఆవల నిలిచిన టవరు నుండి వచ్చు తరంగము ఈవలి ఇంటికి ఏల చేరదు?

రేడియో తరంగములును, వెలుగును ఒకే జాతివి. రెండును సెకనుకు 3 లక్షల కిలోమీటర్ల వేగమున పోవును. భేదమంతయు తరంగముల పొడవులో నున్నది. కడప ఆకాశవాణి మధ్యతరంగ ప్రసారములు అనేక సంవత్సరములు 900 కిలోహెర్ట్జులపై వినవచ్చెను. ఆ తరంగము పొడవు 333 మీటర్లు. సెల్‌ఫోనులకు వాడు పౌనఃపున్యములలో ఒకటి 900 మెగాహెర్ట్జులు, అనగా సరిగా వేయిరెట్లు. దాని తరంగము పొడవు 33 సెంటీమీటర్లు, మూరకన్న తక్కువ. పొడవైన తరంగము అడ్డమును చుట్టి వంగిపోగలదు. దీనినే వివర్తనము అందురు. పొట్టి తరంగము అంతగా వంగలేదు కనుక కొండ వెనుక దానికి నీడ పడును. చెరువులో పాతిన సన్నని గుంజను అలలు చుట్టుకొని పోవుటయు, పెద్ద బండ చాటున నీరు కదలకుండుటయు ఎవరైనను చూడవచ్చును. తాతగారి రేడియో పలికిన లోయలో మనుమని ఫోను మూగవోవుటకు కారణ మిదియే.

అందినచోట నైనను అది అందరకు సమముగా అందదు. టవరు సామర్థ్యమును ఆ ప్రాంతపు ఫోనులన్నియు పంచుకొనవలెను. 45 నిమిషముల దృశ్యపాఠము, సెకనుకు 500 కిలోబిట్ల చొప్పున, సుమారు 170 మెగాబైట్లగును. మాటలుగా మాత్రమే, సెకనుకు 32 కిలోబిట్ల చొప్పున పంపినచో 11 మెగాబైట్లు. బొమ్మలులేని పది పుటల వచనముగా పంపినచో సుమారు 50 కిలోబైట్లు చాలును! పైగా సంకేతము బలహీనముగా నున్న ఇంటికి ప్రతి బిట్టును నెమ్మదిగా పంపవలెను, చెడినవి మరల పంపవలెను. అందుచే అదే పాఠమునకు టవరు కాలము ఎక్కువ పట్టును; ఆ ఫోను బ్యాటరీయు త్వరగా తరుగును. ఫాల్గుణ బ్రహ్మోత్సవములకు జనము చేరిన దినములలో ఆ కాస్త పాలును తగ్గును.

2020 మార్చిలో బడులు మూతపడినప్పుడు ఈ భేదము బయటపడినది. ఆంధ్రప్రదేశ్ విద్యాశాఖ విద్యార్థులను మూడు తెగలుగా గుర్తించెను: అంతర్జాలము కలవారు, రేడియో గాని టెలివిజన్ గాని మాత్రమే కలవారు, ఏదియు లేనివారు. దూరదర్శన్ సప్తగిరిలో పాఠములు ప్రసారమైనవి. ఇది వివేకముతో కూడిన పని. ప్రసారమును వేయిమంది చూచినను, లక్షమంది చూచినను ఒకరి పాలు వేరొకరికి తగ్గదు. ఉపగ్రహమునకు కొండయు పెద్ద అడ్డము కాదు. 2015లో ప్రయోగించిన జీశాట్-15, అహోబిలము నుండి చూచినచో, ఆగ్నేయ దిక్కున సుమారు 65 డిగ్రీల ఎత్తున నుండును. అంత నిటారు కొండ ఇంటిని ఆనుకొనియున్న తప్ప డిష్షుకు అది మరుగుపడదు. 1975 ఆగష్టు నుండి ఒక సంవత్సరము, మన రాష్ట్రముతో సహా ఆరు రాష్ట్రములలోని సుమారు 2400 గ్రామములకు ఏటీఎస్-6 ఉపగ్రహము ద్వారా టెలివిజన్ అందించుటకు ఆధారము ఈ సూత్రమే.

అయితే ఈ ఉపగ్రహ ప్రసారమునకు నోరే కాని చెవి లేదు. అర్థముకాని లెక్కను విద్యార్థి తిరిగి అడుగలేడు. ఆ ప్రశ్న కొన్ని వందల బైట్లే. బలహీనమైన ఫోను దారిని సైతము పోగలదు. బరువైన పాఠమును ఆ ఇరుకుదారిని పంపి, ప్రశ్నకు చోటు లేకుండ చేయుట తెలివి కాదు. ఇక ఏదియు లేనివారి సంగతి తరంగశాస్త్రము తీర్చునది కాదు. వారి ఇంటికి కాగితమును, గురువును నడచి వెళ్ళవలసినదే.

ఉన్నత పాఠశాల విద్యార్థులు తమ ఊరి సంకేతబలమును తామే కొలువవచ్చును. ఫోను సెట్టింగులలో అది డీబీఎమ్ అను మానమున, ఋణసంఖ్యగా కనబడును. -85 ఉన్నచోట దృశ్యము చక్కగా రావచ్చును. -110 వద్ద మాట కూడ తడబడును. ఈ 25 డెసిబెళ్ళ తేడా యనగా శక్తి సుమారు 300 రెట్లు తగ్గుట. ఇంటింట, ఉదయము సాయంత్రము కొలిచి ఊరి పటముపై గుర్తించినచో, ఏ ఇంటికి దృశ్యము, ఏ ఇంటికి శబ్దము, ఏ ఇంటికి అచ్చుకాగితము పంపవలెనో ఉపాధ్యాయునకు తెలియును.