తలుపులు మూస్తే పొగ ఆగుతుందా?



నాలుగేళ్ల క్రితం వరకు నేనూ వరి కోత మిషన్ వెళ్లగానే చేలో గడ్డికి అగ్గిపుల్ల గీసినవాడినే. పొగ ఊరి మీదికొస్తే తలుపులు మూసుకునేవాళ్లం. లోపల అమ్మ కట్టెల పొయ్యి మీద వండుతూ ఉండేది. ఆమెకు దగ్గు ముదిరాకే ఈ పొగలో ఏముందో తెలుసుకున్నాను. వీడియోలో చెప్పిందే ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

గడ్డయినా కట్టెయినా బాగా కాలితే ఎక్కువగా వచ్చేది కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి. తేమ ఉన్నా, గాలి చాలకపోయినా సగమే కాలుతుంది. అప్పుడు మసి, కార్బన్ మోనాక్సైడ్ వస్తాయి.

కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన ఉండవు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. మూసిన గదిలో తలనొప్పితో మొదలై ప్రాణం మీదికి తెస్తుంది. చలికాలంలో కుంపటి పెట్టుకుని తలుపులేసి పడుకోవద్దనేది అందుకే.

మసిలో ఎక్కువ భాగం పీఎం 2.5, అంటే 2.5 మైక్రాన్లు, అంతకన్నా చిన్న రేణువులు. వెంట్రుక మందంలో సుమారు 30వ వంతు. ముక్కు వీటిని ఆపలేదు, కిటికీ సందులూ ఆపలేవు. ఘనపు మీటరు గాలిలో 24 గంటల సగటు 60 మైక్రోగ్రాములు దాటకూడదని మన దేశ ప్రమాణం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో పెట్టిన హద్దు 15.

పొగ కనపడకుండా పుట్టే రేణువులూ ఉన్నాయండి. పైపైన చల్లిన యూరియాను నేలలోని యూరియేజ్ అనే ఎంజైమ్ విడగొడితే అమ్మోనియా వస్తుంది. అది గాల్లోకి లేచి, వాహనాల పొగ వల్ల తయారైన నైట్రిక్ ఆమ్లంతో కలిసి అమ్మోనియం నైట్రేట్ రేణువులవుతుంది. అదీ పీఎం 2.5 లెక్కలోకే వస్తుంది. మన డబ్బు పోయింది, గాలీ చెడింది.

ఇప్పుడు గడ్డిని ఆచ్ఛాదనగా పరుస్తున్నాను. టన్ను వరిగడ్డిలో దాదాపు 5 కిలోల నత్రజని ఉంటుంది, కాలిస్తే అది దాదాపు అంతా గాలిపాలే. ఇంట్లో వంట గ్యాస్ మీదికి మార్చాం. గ్యాస్ మంట నుంచి నైట్రోజన్ డయాక్సైడ్ వస్తుంది కాబట్టి వండేటప్పుడు కిటికీ తీస్తాం. వేణ్ణీళ్ల పొయ్యి పెరట్లోకి వెళ్లింది. బయట పొగ కమ్మిన రోజు దాన్ని అసలు వెలిగించం.

అమ్మ దగ్గు తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. నేను గీసిన అగ్గిపుల్లలు ఎన్నో లెక్క లేదు. ఈసారి కోతయ్యాక మీరు అగ్గిపెట్టె తీసే ముందు ఇంట్లో పెద్దవాళ్ల ఊపిరి ఒకసారి వినండి.