తుపాకి బిరడా బిగిసినచో ఏమి చేయవలెను?

ఇనుము తుప్పుగా మాఱినపుడు ఎక్కువ చోటు నాక్రమించును. ఈ రసాయన సూత్రము 1918లో నెలకొన్న ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణమునకును, 1944లో మొదలై నేడు తార్నాకలో నున్న రసాయన సాంకేతిక సంస్థకును మాత్రమే చెందినది కాదు. పంటకాపునకై లైసెన్సుపై భర్మారు తుపాకి నుంచుకొన్న రైతు ప్రాణమునకును చెందినది.

సురేకారము, గంధకము, బొగ్గు కలిసిన మందు కాలగా మిగిలిన మసి గాలిలోని తేమను పీల్చును. అందువలన గొట్టము వెనుకనుండు బిరడా మరలు తుప్పెక్కి బిగిసిపోవును. అప్పుడు దానిని కొలిమిలో కాల్చుటయు, సమ్మెటతో మోదుటయు కూడదు. లోన పాతమందున్నచో అది మృత్యువును పిలుచుటయే.

కావున మొదట కేపు తీసివేసి, మూతికెదురుగ నిలువక, కడ్డీని అడుగుదాక జొనిపి మూతికడ గుఱుతు పెట్టవలెను. ఆ గుఱుతును మూతికి సరిగా నుంచి కడ్డీని గొట్టము వెలుపల ఆనించినపుడు, కొన నిప్పురంధ్రమువఱకు రానిచో లోన ఏదియో యున్నదని యెఱుంగవలెను. అట్టిదానిని కదలింపక లైసెన్సుగల పనివానిని పిలిపింపవలెను.

ఖాళీయైనను ఇంట విప్పరాదు. 1959 ఆయుధ చట్టము ప్రకారము మరమ్మతునకును లైసెన్సు కావలెను. పనివాడు మరలకు పలుచని నూనెను దినములకొలది ఇంకనిచ్చి, గొట్టమును వైసులో బిగించి, సరియగు రెంచితో మెల్లగ త్రిప్పును. మరలరిగినచో ఆ తుపాకిని పేల్చరాదు. బిరడా వెనుకకెగసి పేల్చినవాని ముఖమునే తాకవచ్చును.

కాల్చిన దినముననే గొట్టమును వేడి సబ్బునీట కడిగి, తడి యారనిచ్చి, పిదప నూనె రాయవలెను. నూనె యొక్కటే మసిని పోగొట్టజాలదు. గడియసేపటి యీ శ్రమ కన్నును ప్రాణమును కాపాడునని సభ్యులకు మేము మనవి చేయుచున్నాము.