సిమ్లిపాల్ నల్లపులి వెనుక ఒక్క అక్షరం

నల్లపులి అనగానే నల్ల చిరుత కాబోలునని పొరబడేవారు అనేకులు. ఒడిశాలోని మయూర్‌భంజ్ జిల్లా సిమ్లిపాల్ అడవులలో మాత్రం నిజంగానే నల్లని పెద్దపులులున్నాయి. 1993 జులైలో ఆ అడవి అంచు గ్రామంలో ఒక బాలుడు ఆత్మరక్షణకై వేసిన బాణానికి నల్లని ఆడపులి నేలకొరగడంతో ఆ మాట కట్టుకథ కాదని తేలింది.

నిజానికి ఈ పులులు పూర్తిగా నల్లనివి కావు. చారలు వెడల్పై ఒకదానితో ఒకటి కలిసిపోగా, పసుపు వన్నె సన్నని గీతలుగా మిగులుతుంది. బెంగళూరు శాస్త్రవేత్త ఉమా రామకృష్ణన్ బృందం ఇందుకు కారణాన్ని 2021లో వెల్లడించింది. టాక్‌పెప్ అనే జన్యువులో డీఎన్ఏ అక్షరం ఒక్కటి మారడమే ఆ కారణం. తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడ మారిన జన్యువే సంక్రమించిన పిల్లలు మాత్రమే నల్లగా పుడతాయి.

ఈ జన్యువు పులికే పరిమితమైనది కాదు. పెంపుడు పిల్లి ఒంటిపై సన్నని చారలు వెడల్పాటి సుడులుగా మారడానికీ, దక్షిణాఫ్రికా 'రాజ చీతా' చుక్కలు కలిసి వీపుపై పట్టెలు కావడానికీ ఇందులోని మార్పులే కారణమని 2012లోనే వెల్లడైంది. ఆ చీతాను 1927లో ఏకంగా వేరే జాతిగా భావించి కొత్త పేరు పెట్టారు! పులి, సింహం, చిరుతల శాఖ మార్జాల కుటుంబంలోని తక్కినవాటి నుంచి సుమారు కోటి 8 లక్షల ఏళ్ల క్రితమే విడిపోయింది. అయినప్పటికీ 2013లో ప్రచురితమైన పులి జన్యుపటం పెంపుడు పిల్లి జన్యుపటంతో 95.6 శాతం సరిపోలింది. వంటింట్లో పాలగిన్నె చుట్టూ తిరిగే పిల్లికి పులితో చుట్టరికం అంత దగ్గరిది.

ఇంతవరకు వింతే. ఆందోళన కలిగించే సంగతి వేరే ఉంది. సిమ్లిపాల్ పులులలో సుమారు 37 శాతం నల్లనివని 2021 నాటి అధ్యయనం అంచనా వేసింది. ఒడిశా ప్రభుత్వం 2023-24లో జరిపిన గణనలో అక్కడి 27 పెద్ద పులులలో 13 నల్లనివిగా లెక్కతేలాయి. దేశంలోని ఇతర అడవులలో ఈ రంగు కానరాదు. పులుల సంఖ్య స్వల్పమై, బయటి నుంచి కొత్త పులి రాక నిలిచిపోయినపుడు దగ్గరి రక్తసంబంధం గలవే జతకడతాయి. అరుదైన అక్షరం యాదృచ్ఛికంగానే అందరికీ పాకుతుంది. రంగు కంటికి కనబడుతున్నది గనుక తెలిసింది. ఇదే దారిన సంతానోత్పత్తినీ, రోగనిరోధక శక్తినీ దెబ్బతీసే మార్పులు పాకితే అవి పైకి కనబడవు.

అందుకే 2024లో మహారాష్ట్రలోని తాడోబా నుంచి జమున, జీనత్ అనే రెండు ఆడపులులను తెచ్చి వదిలారు. జీనత్ మాత్రం డిసెంబరులో సిమ్లిపాల్ విడిచి ఝార్ఖండ్ మీదుగా పశ్చిమ బెంగాల్‌కు నడిచిపోయింది. దారిలో మేకలు బలయ్యాయి. డిసెంబరు 29న బాంకురా జిల్లాలో మత్తుమందు ప్రయోగించి పట్టుకుని, తిరిగి సిమ్లిపాల్‌కు చేర్చారు. కొత్త పులి రానే రాదనుకున్న అడవి నుంచి పులి ఇలా బయటికి నడిచిపోవడం విచిత్రమే!

మరోవైపు నల్లపులి ఒడిశాకు పర్యాటక ఆకర్షణగా మారింది. బారిపద సమీపంలో నల్లపులుల సఫారీని ఏర్పాటు చేయనున్నట్లు రాష్ట్ర ప్రభుత్వం 2024 జనవరిలో ప్రకటించింది. తాడోబా పులులకు సిమ్లిపాల్ మగపులుల వల్ల పుట్టే పిల్లలు మాత్రం మామూలు పసుపు వన్నెలోనే ఉంటాయి. తండ్రి నల్లపులి అయితే, మారిన అక్షరం వాటిలో గుప్తంగా ఉండిపోతుంది. అటువంటివి రెండు జతకట్టినపుడు పుట్టే ప్రతి పిల్లా నల్లనిది కావడానికి అవకాశం నాలుగింట ఒక వంతు.