యుద్ధము ముగిసిన పిదప

రణరంగమునుండి భర్తయో, కుమారుడో క్షేమముగా మరలి వచ్చిన దినమున ఇల్లంతయు పండుగ యగును. హారతు లిత్తుము, దిష్టి తీయుదుము, ఇక భయము లేదని తలంతుము. కాని కొన్ని యిండ్లలో అసలు కష్టము ఆ పిమ్మటనే ప్రారంభమగును. మనుష్యుడు వచ్చినాడు గాని మనస్సింకను రాలేదు. రాత్రి నిద్ర పట్టదు. పట్టినను కేక వేసి లేచును. దీపావళి టపాకాయ ప్రేలినచో గోడచాటునకు పరుగిడును. బిడ్డలు నవ్విన విసుగు, ఇల్లాలు పలుకరించిన కోపము. నావలన నేమి లోపము గలిగెనో యని ఆమె లోలోన కుములును. గాలి సోకినదని అత్తగారు తాయెత్తు కట్టించును.

ఇది గాలియు గాదు, ఇల్లాలి దోషమును గాదు. మనస్సునకు తగిలిన గాయము. 1914లో ప్రారంభమైన మహాసంగ్రామమున చూపు మందగించి, జ్ఞాపకము తప్పిన సైనికులను పరీక్షించి, చార్లెస్ మయర్స్ అను ఆంగ్ల వైద్యుడు 1915లో ‘షెల్ షాక్’ అను పేర దీనినిగూర్చి వ్రాసెను. అయినను దీనిని పిరికితన మనుకొన్నవారే మెండు. ఆ యుద్ధకాలమున పారిపోయిరనియు, పిరికివారనియు, ఇట్టి మరికొన్ని నేరములు మోపియు మరణదండన విధించిన 306 మంది సైనికులకు బ్రిటిషు ప్రభుత్వము 2006లో గాని క్షమాపణ మొసగలేదు. వారిలో నెందరు ఈ వ్యాధికి లోనైనవారో గదా!

అమెరికాలో బార్బరా వాన్ డాలెన్ అను మనస్తత్వవేత్త 2005లో ‘గివ్ యాన్ అవర్’ అను సంస్థను స్థాపించెను. ఆ పేరునకు ‘ఒక గంట నిమ్ము’ అని యర్థము. ఆమె మనోవైద్యులను కోరినది ధనము గాదు. వారమున కొక్క గంట కాలము. వేలకొలది వైద్యులు ముందుకు వచ్చిరి. ఇరాకు, ఆఫ్ఘనిస్తాను యుద్ధములనుండి వచ్చినవారికే గాక, వారి భార్యలకు, తల్లిదండ్రులకు, బిడ్డలకు గూడ ఉచితముగా చికిత్స జరిగెను. సైన్యపు వైద్యునితో చెప్పుకొన్న ఉద్యోగమునకు ముప్పు వచ్చునేమో యని జంకువారికి, సైన్యముతో సంబంధము లేని ఈ వైద్యుని గది యనుకూలించెను.

మన పశ్చిమగోదావరి జిల్లాలోని మాధవరమువంటి గ్రామములు తరతరములుగా సైనికులను పంపుచున్నవి. మన దేశమునను 2022 అక్టోబరు 10వ తేదీన ‘టెలి మానస్’ అను ఉచిత సేవ ప్రారంభమైనది. 14416 అను సంఖ్యకు టెలిఫోను చేసినచో తెలుగులోనే మాటలాడవచ్చును. సైనికులకును, వారి కుటుంబములకును 2023లో పూనాలోని సైనిక వైద్య కళాశాలయందు ప్రత్యేక శాఖ నేర్పరచిరి.

ఇంట మనము చేయదగినదియు గలదు. నిద్రించువానిని తట్టి లేపక, దూరమునుండి పేరు పెట్టి పిలువవలెను. యుద్ధపు ముచ్చట్లు చెప్పుమని బలవంతము చేయరాదు. తానై చెప్పినపుడు అడ్డు రాక వినవలెను. మద్యముతో నిద్ర తెచ్చుకొనుచున్నచో ఉపేక్షింపరాదు. చావు మాట నోట వచ్చినచో ఒంటరిగా విడువక, వెంటనే వైద్యుని పిలువవలెను.

కాలికి తూటా తగిలిన కట్టు కట్టించుటకు సిగ్గుపడము. మనస్సునకు తగిలిన గాయమును మాత్ర మేల దాచవలెను? భర్తకొరకే గాదు, మీ కన్నీటికొరకును ఆ గంటను అడుగుడు.