చందమామకు దారి మన తీరం నుంచే

ఆకాశంలో ఎన్నో చుక్కలున్నా మనవాళ్ళు "మామ" అని వరస కలిపింది ఒక్క చంద్రుడితోనే. తెనాలికి చెందిన చక్రపాణి గారు, నాగిరెడ్డి గారు కలిసి 1947 జూలైలో పిల్లల కోసం పత్రిక పెట్టినప్పుడు దానికీ "చందమామ" అనే పేరు పెట్టారు. ఇంత చుట్టరికం ఉన్న మామ మనకు సుమారు 3,84,400 కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు. ఆయనతో మనిషికి ఉన్న సంబంధం ఎట్లా మారుతూ వచ్చిందో తెలుసుకుందాం.

దీపం, క్యాలెండరు

కరెంటు లేని రోజుల్లో మిరప కల్లాల దగ్గర రాత్రిపూట కాపలా ఉన్నవాళ్ళకు వెన్నెలే దీపం. రోజుల లెక్క కూడా చంద్రుడే నేర్పాడు. తెలుగులో "నెల" అంటే చంద్రుడని కూడా అర్థం. నెలవంక అనే మాటలో ఉన్నది ఆ నెలే. ఒక పున్నమి నుంచి ఇంకో పున్నమికి సుమారు 29న్నర రోజులు. ఇట్లాంటి 12 నెలలు కలిపితే 354 రోజులే వస్తాయి. ఏడాదికి 11 రోజులు తక్కువ పడతాయి గదా! ఆ తక్కువ సర్దడానికి రెండు మూడేళ్ళకొకసారి అధికమాసం కలుపుతారు. అందుకే ఉగాది ఒక ఏడు మార్చిలో, ఒక ఏడు ఏప్రిల్‌లో వస్తుంది. రైతులు చేసుకునే ఏరువాక పున్నమి కూడా చంద్రుడి లెక్క ప్రకారమే వస్తుంది.

సముద్రం మీద పెత్తనం

సూర్యలంక, ఓడరేవు, కొత్తపట్నం వైపు చేపలు పట్టేవాళ్ళకు పోటు, పాటు బాగా తెలుసు. చంద్రుడు తన ఆకర్షణతో సముద్రపు నీళ్ళను లాగుతాడు. అమావాస్యకు, పున్నమికి సూర్యుడు, భూమి, చంద్రుడు ఇంచుమించు ఒకే వరసలోకి వస్తారు. ఇద్దరి లాగుడూ కలుస్తుంది కాబట్టి ఆ రోజుల్లో పోటు ఎక్కువ. అష్టమి నాటికి ఒకరి లాగుడుకు ఇంకొకరి లాగుడు అడ్డం పడుతుంది, పోటు తగ్గుతుంది.

చూడటం నుంచి వెళ్ళడం దాకా

1969 జూలైలో అమెరికా వాళ్ళ అపోలో-11 చంద్రుడి మీద దిగింది. 1972 లోపల 12 మంది మనుషులు అక్కడ నడిచారు. అప్పటిదాకా కుందేలు అని మనం చెప్పుకున్న మచ్చలు నిజానికి చల్లారిన లావా మైదానాలు. సరిగ్గా అదే 1969లో మన దేశంలో రాకెట్ల కోసం ఒక దీవిని ఎంపిక చేశారు. అదే నెల్లూరు దాటాక సూళ్ళూరుపేట పక్కన ఉండే శ్రీహరికోట.

ఆ చోటే ఎందుకంటే, భూమి పడమర నుంచి తూర్పుకు తిరుగుతుంది. రాకెట్టును తూర్పుకు పంపితే భూమి వేగం కూడా దానికి తోడవుతుంది. భూమధ్యరేఖకు దగ్గర కాబట్టి ఆ సాయం ఇంకా ఎక్కువ. తూర్పున అంతా సముద్రమే, ఏదన్నా ఊడిపడినా జనం మీద పడదు. 1971 అక్టోబరు 9న అక్కడి నుంచి మొదటి చిన్న రాకెట్టు ఎగిరింది.

మరి ఆ దీవి అప్పటికి ఖాళీగా ఉందా? లేదు. అక్కడ యానాదులు తరతరాలుగా బతుకుతున్నారు. అడవిలో తేనె, దుంపలు, మందు మొక్కలు, చుట్టూ నీళ్ళలో చేపలు, ఇదీ వాళ్ళ జీవనం. రాకెట్ కేంద్రం వచ్చాక వాళ్ళు తమ చోట్లు వదిలి కొత్త కాలనీలకు పోవాల్సి వచ్చింది. తెలిసిన అడవి పోతే తెలిసిన బతుకుతెరువు కూడా పోయినట్టే.

ఆ నేల మీద నుంచే 2008 అక్టోబరు 22న చంద్రయాన్-1 వెళ్ళింది. చంద్రుడి మీద నీటి ఆనవాళ్ళు ఉన్నాయని అది పంపిన సమాచారం వల్ల 2009లో లోకానికి తెలిసింది. 2019లో చంద్రయాన్-2 ల్యాండరు దిగేటప్పుడు కూలిపోయింది. అయినా వదల్లేదు. 2023 జూలై 14న చంద్రయాన్-3 బయల్దేరి ఆగస్టు 23 సాయంత్రం దక్షిణ ధ్రువం దగ్గర మెల్లగా దిగింది. ఆ ప్రాంతంలో దిగిన మొదటి దేశం మనదే. ఆరు చక్రాల ప్రజ్ఞాన్ బండి అక్కడి మట్టిలో గంధకం ఉందని కనిపెట్టింది.

మనం చేయాల్సింది

రాకెట్టు ఎగిరితే చప్పట్లు కొడతాం, కొట్టాల్సిందే. దాంతోపాటు ఆ నేల వదిలినవాళ్ళను కూడా తలుచుకోవాలి. మనలో యానాదులున్నారు, సుగాలీలున్నారు, ఎరుకలున్నారు, చెంచులున్నారు. చంద్రుణ్ణి చూసి పోటూ పాటూ తెలుసుకున్న పెద్దల పిల్లలం మనం. ఆ దీవిలోకి మన పిల్లలు ఇంజనీర్లుగా అడుగుపెట్టిన నాడే ఆ లెక్క సరిపోతుంది. దానికి లెక్కలూ సైన్సూ కావాలి, సప్లిమెంటరీ దాకా తెచ్చుకోకుండా చదవాలి.

ఈ పున్నమి నుంచి మొదలుపెట్టండి. స్టడీ అవర్ అయ్యాక వరండాలో నిలబడి చంద్రుడు కనపడితే ఆకారం నోటుబుక్కులో గీయండి, టైము రాయండి. రోజూ దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా పొడుస్తాడు. తెల్లవారుజామున లేచేవాళ్ళు కృష్ణపక్షంలో చూడొచ్చు. నెల తిరిగేసరికి మీ చేతిలో మీరే రాసుకున్న పంచాంగం ఉంటుంది.