పద్ధతి సరే, బడి ఎవరి వాకిట్లో?

శిశువిద్య గురించి చదివితే దేశానికో పద్ధతి కనిపిస్తుంది. ఆటే చదువని ఒకరు, వస్తువులు చేతబట్టి నేర్చుకోవాలని ఇంకొకరు. బడి ఎవరి వాకిట్లో పెట్టారు, ఎవరి చేతుల్లో నడిచింది అనేది మాత్రం ఆ పోలికల్లోకి రాదు. మనకు కావలసింది అదే గదా.

మాంటిస్సోరి అంటే ఈరోజు మన పట్టణాల్లో ఫీజు కట్టగలిగిన వాళ్ల బడి. 1907 జనవరి 6న డాక్టర్ మరియా మాంటిస్సోరి మొదటి బడి పెట్టింది మాత్రం రోమ్‌లో, శాన్ లోరెంజో అనే కూలీల పేటలో. తల్లిదండ్రులు పనికిపోతే పిల్లలు గోడలు, మెట్లు పాడుచేస్తున్నారని ఇళ్ల యాజమాన్యం ఒక గది ఇచ్చింది. (పిల్లల మీద కన్నా గోడల మీదే ప్రేమ!) టీచరు ఆ ఇళ్లలోనే కాపురముండాలన్నది నియమం. 1939లో ఆమె మద్రాసు వచ్చి ట్రైనింగ్ ఇచ్చారు. ఆమె పేరు, చెక్క సామాను మనదాకా వచ్చాయి. ఆ నియమం దారిలోనే రాలిపోయింది.

అమెరికాలో 1965లో హెడ్ స్టార్ట్ మొదలైంది. పేద పిల్లల ఇంట్లో ఏదో లోటుంది, దాన్ని బడి పూడ్చాలి అనే ఆలోచన అప్పట్లో బలంగా ఉండేది. మిసిసిపీలో నల్లజాతి తల్లులు దీన్ని తలకిందులు చేశారు. పత్తి చేలల్లో, తెల్లవాళ్ల ఇళ్లల్లో పనిచేసిన ఆడవాళ్లే టీచర్లయ్యారు. పిల్లలు తమ యాసలో చెప్పిన కథలే రాసి పుస్తకాలు చేశారు. గొడవ వచ్చింది బోధన గురించి కాదు. తెల్ల భూస్వామి దయ లేకుండా నల్లవాళ్ల చేతికి జీతం అందుతోంది! లెక్కలు సరిగా లేవని సెనేటర్ జాన్ స్టెన్నిస్ వెంటపడ్డాడు. 1966లో నిధులు ఆపేశారు. పోరాడి కొంత మళ్లీ తెచ్చుకున్నారు.

న్యూజిలాండ్‌లో మావోరీ మాట్లాడినందుకు బళ్లో దెబ్బలు తిన్న తరాలున్నాయి. 1982 నుంచి వాళ్లు 'భాషాగూళ్లు' పెట్టుకుని, అవ్వాతాతల నోటితోనే పసివాళ్లకు ఆ భాష నేర్పుతున్నారు.

మన అంగన్‌వాడీ పేరులోనే వాకిలి ఉంది. మహారాష్ట్రలో తారాబాయి మోదక్, అనుతాయి వాఘ్ బడిని పేద పిల్లల వాకిళ్లకే తీసుకుపోయారు. ప్రభుత్వ పథకం 1975 అక్టోబరు 2న వచ్చింది. అయినా ఎస్సీ, ఎస్టీ వాడల్లో కేంద్రాలు పెట్టండని 2004లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. ఊళ్లో ఉన్న కేంద్రం మూడేళ్ల వాడపిల్లకు ఎంత దూరమో అడుగులతో కొలవలేం. దళిత స్త్రీ వండితే పిల్లల్ని పంపని ఊళ్లున్నాయి. వాడ మాట మాట్లాడితే టీచరు వింటుందా, దిద్దుతుందా?

మీ మండలంలోని కేంద్రాల జాబితా తీసుకోండి. ఏది ఊళ్లో ఉంది, ఏది వాడలో ఉంది, టీచరెవరు, ఆయా ఎవరు, ఒక్కోదాని పక్కనే రాసి చూడండి.